ఒళ్ళో చల్లటి పెట్టె

పెట్టె మూత మీది ముల్లు నాలుగు డిగ్రీల దగ్గరే ఉంది. స్టెల్లా అయిదు నిమిషాలకోసారి దాన్ని చూస్తోంది, చూసినప్పుడల్లా అది నాలుగు దగ్గరే ఉంటోంది, అయినా నమ్మకం చాలక మళ్ళీ చూస్తోంది. మార్కాపురం బస్టాండులో పదిన్నర ఎండ సిమెంటు బెంచీ అంచుదాకా వచ్చి ఆగింది. హైదరాబాదు బస్సు పదకొండున్నరకి. ఒళ్ళో ఉన్న నీలం పెట్టె చల్లదనం బట్టల్లోంచి తొడలకి తగులుతుంటే, మనిషి మార్కాపురంలోనే ఉన్నా ఆ కాస్త ఒళ్ళు మాత్రం ఇంకేదో దేశంలో ఉన్నట్టుంది. పక్కన కూర్చున్న పెద్దాయన రెండుసార్లు పెట్టె వంక చూసి, "పోలియో చుక్కలా, అమ్మా" అని అడిగాడు. కాదు తాతా అంది, ఏమిటో చెప్పలేదు. ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో ఆమెకి ఎనిమిదేళ్ళుగా తెలియదు. లోపల నాలుగు చిన్న గొట్టాలున్నాయి, గొట్టాల్లో గులాబీరంగు నీళ్ళు, ఆ నీళ్ళల్లో గొట్టానికి రెండు చొప్పున బియ్యపుగింజంతేసి కండముక్కలు. కొమరోలు అవతల తన ఊళ్ళో, యల్లయ్య మామ ఎర్ర గొర్రె తొడలోంచి నిన్న పొద్దుగూకే వేళ తీసినవి. అవి బతికున్నాయి. ఈ రాత్రికి ల్యాబు చేరేదాకా బతికుండాలి. సోమవారం మీటింగులో చూపించడానికి ఆమె దగ్గర ఇంకేమీ లేదు. ఇవి లేకపోతే ల్యాబుకి తాళం పడుతుంది, ల్యాబు నడిపే మురళీధర్ సారు ఆ మాట మెత్తగానే చెప్పాడు గానీ చెప్పాల్సినంతా చెప్పాడు.

మాంసం పెంచడం ఆమె పని. జీవాన్ని కోయకుండా, దాని మాంసాన్ని మాత్రం స్టీలు పాత్రలో పెంచడం. అనుకుంటే ఎంత తేలిక. కాసిన్ని కణాలు తీసుకో, వెచ్చటి చోట ఉంచు, తిండి పెట్టు, ఒకటి రెండవుతుంది, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది, ఎనిమిది పదహారు. ఈ ఊళ్ళోనే హాస్టల్లో చదివేటప్పుడు పలక మీద ఇలాగే రాసుకుంటూ పోయేది, రెండింతలు, మళ్ళీ రెండింతలు, పలక చాలక చుట్టూ ఉండే చెక్క మీద కూడా రాసేది, సుందరరాజు మాస్టారు చెవి మెలేసేదాకా. అంకెలకి అలుపు లేదు. కణాలకి ఉంది. ముప్ఫైసార్లో నలభైసార్లో రెండింతలై, ఒక పొద్దున వెళ్ళి చూస్తే మైక్రోస్కోపు కింద చదునుగా, వెడల్పుగా, పనులు మానుకుని అరుగుల మీద చేరిన ముసలివాళ్ళలా కూర్చుని ఉంటాయి. చావవు, పెరగవు. ఎనిమిదేళ్ళలో అలాంటి పొద్దులు ఎన్ని చూసిందో. కబేళాల నుంచి తెచ్చినవన్నీ అంతే, ఏడాది తిరగని పొట్టేళ్ళవైనా అంతే. అమ్మకి ఈ సంగతులేవీ తెలియవు. అమ్మ పిచ్చమ్మ ఒక ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది, నా బిడ్డ చేతిలో ఒక్క ముక్క అయిదువేల మందికి చాలుతదంట, దేవునికి స్తోత్రం అని. సంఘమంతా స్తోత్రం అంది. పాస్టరుగారు అయిదు రొట్టెలూ రెండు చేపల వాక్యం చదివి ప్రార్థన చేశారు. స్టెల్లా తల వంచుకుని, ఇప్పటిదాకా తన చేతిలో పెరిగింది పాత అర్ధరూపాయి బిళ్ళంతేనని, మందం కూడా అంతకి మించలేదని, ఆ వాక్యంలో మిగిలినట్టు పన్నెండు గంపలు కాదు కదా పన్నెండు చిటికెలు కూడా లేవని మనసులోనే చెప్పుకుంది. సిగ్గేసింది. అమ్మ ముఖం ఆరోజు వెలిగిపోతూ ఉంది, ఆ వెలుగు ముందు నిజం చెప్పడానికి నోరు రాలేదు.

మందం. అదొక శాపం. కణాల మీద కణాలు చేరి నాలుగు పొరలయ్యేసరికి లోపలివాటికి గాలి అందదు, తిండి అందదు, నడిమికి నడిమే చచ్చిపోతుంది. గొర్రెలో అయితే సన్నసన్నటి రక్తనాళాలు ప్రతి మూలకీ వెళ్ళి పలకరించి వస్తాయి, పాత్రలో పలకరించేవాళ్ళెవరు. తమ ఊళ్ళో బోరు నీళ్ళు మొదటి మడి తడిపి చివరి మడికి చేరకముందే ఇంకిపోతాయి, నాయన బతికున్న రోజుల్లో పార చేత పట్టుకుని చివరి మడిలో నిలబడి, వస్తున్నాయా అని కేకేసేవాడు, వస్తున్నాయి అని ఈవైపు నుంచి తను అబద్ధం కేకేసేది. పోనీ పెద్ద పాత్రలో వేసి కలుపుదామంటే, కలిపే రెక్క తగిలి కణాలు చితికిపోతాయి. కలపకపోతే అడుక్కి చేరి ఊపిరాడక పోతాయి. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. ఎక్కడి నుంచో ఒక్క బాక్టీరియా దూరిందా, ఈ కణాలు ఒక్కసారి రెండయ్యేలోపు అది లక్షలై కూర్చుంటుంది, పాత్ర పాత్రంతా పారబోయాల్సిందే. దూరదూరంగా వేస్తే అసలు పెరగనే పెరగవు, ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి, ఆ దగ్గరితనంలో అవి ఏం చెప్పుకుంటాయో ఇంతవరకూ ఎవరూ పూర్తిగా వినలేదు. ఈ మాట యల్లయ్య మామతో అంటే ఆయన వింతపడలేదు. "ఒంటి గొర్రె మేయదు పాపా, తల పైకెత్తి అరుస్తానే ఉంటది. నీ ల్యాబువి గూడా గొర్రెలే గదా" అన్నాడు. ఆమె రెండేళ్ళు కుస్తీ పడి తెలుసుకున్నది ఆయన బీడీ ముట్టించుకుంటూ చెప్పేశాడు.

బెంచీ మీదికి ఎండ ఇంకో జానెడు పాకింది. స్టెల్లా పెట్టెతో సహా పక్కకి జరిగింది. ఆటోలు అరుస్తున్నాయి, వాటి వెనకాల ఎక్కడో గొర్రెల మెడగంటలు వినిపిస్తున్నట్టుంది, అవి ఇక్కడివి కావు, నిన్నటివి. నిన్న మంద ఊళ్ళోకి దిగుతుంటే దుమ్ము ఎర్రగా లేచింది, దుమ్ములోంచి ఆ గొర్రె అన్నిటికంటే ముందు వచ్చింది. దానికి పదమూడేళ్ళంటాడు యల్లయ్య మామ. ఆ ఈడు గొర్రె మామూలుగా ఉండనే ఉండదు. ఇది మొన్నటేడు కూడా కవలల్ని ఈనింది. ఒకసారి కుక్కలు తొడ చీరేస్తే పదిరోజుల్లో పూడుకుని మళ్ళీ కొండెక్కింది. సెలవుకి వచ్చినప్పుడు ఆ మచ్చ చూసిన దగ్గర్నుంచీ స్టెల్లాకి అదే ధ్యాస. ఏదో ఉంది దీని కండలో, అలిసిపోనిది ఏదో ఉంది. మురళీధర్ సారు నవ్వాడు, ముసలి గొర్రె కణాలు ముసలివే అమ్మా, సైన్సులో సెంటిమెంట్లకి చోటు లేదు అన్నాడు. కావచ్చు. ఆయన మాటే నిజం కావచ్చు. కానీ చూడకుండా ఎలా తెలుస్తుంది. యల్లయ్య మామ మూడు నెలలు ఒప్పుకోలేదు. చంపనని, మత్తు సూది ఇస్తానని, బియ్యపుగింజంతేనని ఎంత చెప్పినా, "నడవని గొర్రెకు కండేడిది పాపా, ఎండాకాలం నల్లమల దాకా నడిస్తే గదా కండ కట్టేది, నీ గిన్నెలో యాడికి నడుస్తది" అన్నాడు. ఆమె దగ్గర జవాబుంది, కణాల్ని సాగదీసి లాగుతాం, లాగితేనే పోగులు పోగులుగా కండ కడతాయి, అంటే ఆయన చెప్పిందే. ఇంకొకటీ అడిగాడు. వాటికేం మేత పెడతావని.  కోసిన ఆవు కడుపులో ఉన్న దూడ రక్తం నుంచి తీసిన ద్రవం పోస్తేనే అవి ఇష్టంగా పెరుగుతాయి, జీవాన్ని చంపకుండా మాంసం తీయాలనుకునేవాళ్ళ అల్మరాలో ఆ సీసా ఉంటుంది. అది లేకుండా పెంచడానికే నాలుగేళ్ళు పోయాయి. సగం దారిలో ఉన్నాం మామా అంది. ఆయన బీడీ నేలకి రాసి ఆర్పి, "సరే. ఒక్కసారే. మళ్ళీ అడగొద్దు" అన్నాడు. నిన్న గొర్రె తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సూది దిగుతుంటే గొర్రె కదల్లేదు, ఆయనే ముఖం పక్కకి తిప్పుకున్నాడు. పనయ్యాక ఆ చిన్న గాయం మీద చిటికెడు పసుపు అద్దాడు. అమ్మ పక్కనే నిలబడి అంతా చూసింది, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని.

పసుపు వాసన. ఇప్పుడూ వస్తున్నట్టే ఉంది, ఈ బస్టాండులో డీజిలు వాసన మధ్యలోంచి. ఇక్కడికి పది నిమిషాల నడకలో ఆ హాస్టలు, హాస్టలు వెనక పలకలు కోసే షెడ్డు, ఆరేసిన బట్టల మీద బూడిదరంగు పొడి. నెలకోసారి అమ్మ గిద్దలూరు బస్సు దిగి నడుచుకుంటూ వచ్చేది, చేతిలో బిస్కెట్ల రేకుడబ్బా ఉండేది. డబ్బాలో ఉప్పుకండ. కూలికి పోయిన ఊళ్ళో ఎవరైనా వేటపోతును కోస్తే తన వాటా ఇంట్లో వండేది కాదు, సన్నగా చీరి, ఉప్పూ పసుపూ పట్టించి, దండేనికి కట్టి ఆరబెట్టి, నెలంతా కూడబెట్టి తెచ్చేది. స్టెల్లా అన్నంలోకి ఒక్క ముక్క పెట్టుకుని, నమలకుండా బుగ్గన పెట్టుకుని, కడుపు నిండేదాకా దాన్ని అలా దాచుకునేది. మొదట ఉప్పు, తర్వాత ఎండ, చివరికి ఎప్పుడో గొర్రె. ల్యాబులో తన అర్ధరూపాయి బిళ్ళని మొదటిసారి వేయించి తిన్నరోజు అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె నోట్లో ఏమీ లేదు. తడి ఉంది, మెత్తదనం ఉంది, రుచి లేదు. కొవ్వు లేదు, నడిచిన దారి లేదు, మేసిన గడ్డి లేదు. ఎలా ఉందని అడిగితే బాగుంది అంది. అబద్ధాలు ఆమెకి కొత్త కాదు, వస్తున్నాయి నాయనా, నీళ్ళు వస్తున్నాయి. అసలు ఈ ఎనిమిదేళ్ళూ తను పెంచాలని చూసింది ఆ రేకుడబ్బాలోని ముక్కనేమో అని ఒక్కోసారి అనుమానం. అది మీటింగులో చెప్పే మాట కాదు.

ఫోను మోగింది. అమ్మ.

"ఏమే, బస్సెక్కినావా?"

"ఇంకా రాలేదమ్మా."

"ఎండలో కూసోవాక. ఆ డబ్బా జాగర్త. మళ్ళీ మర్సిపోతా, ఇంటికి పోయినంక కడుక్కోని వాడుకో. ఉప్పు రవ్వంత ఎక్కువ పడిందేమో."

"ఏం ఉప్పు?" అంది స్టెల్లా.

"పొద్దున నువ్వు నీళ్ళు పోసుకోను పోయినప్పుడు మూత తీసి చూసినా. ఎర్రనీళ్ళల్లో నానతా ఉండాయి. ఈ ఎండలకు నీళ్ళల్లో ఉంటే మాంసం వాసన రాదా? ఆ నీళ్ళు పారబోసి, ఉప్పూ పసుపూ పట్టించి, మళ్ళా మూతలు బిగించి పెట్టినా. చెడిపోగూడదంటివి గదా."

బస్టాండు అలాగే ఉంది. ఎండ అలాగే ఉంది. మూత మీది ముల్లు నాలుగు దగ్గరే ఉంది, పాపం దానికేం తెలుసు. ఉప్పు తగిలిన కణం ఎలా ఉంటుందో స్టెల్లా చూసింది, లోపలి నీరంతా బయటికి వచ్చేసి, ఎండిన రేగుపండులా ముడుచుకుపోతుంది. ఎనిమిది గింజలు. ఎప్పుడో ఆరింటికే పోయి ఉంటాయి. కొమరోలులో బస్సెక్కినప్పుడు, కంభంలో టీ తాగినప్పుడు, ఇక్కడ పెద్దాయనకి కాదు తాతా అన్నప్పుడు, ఇంతసేపూ ఆమె ఒళ్ళో పెట్టుకుని మురిసిపోయింది చచ్చిన ముక్కల్ని. కోపం ముందు వచ్చింది, ముట్టుకోవద్దన్నానా లేదా అని గొంతు దాకా వచ్చింది. దాని వెనకే నవ్వొచ్చింది, అది ఏడుపో నవ్వో తేలలేదు. మాంసాన్ని చెడకుండా కాపాడటం అమ్మ విద్య, చావకుండా కాపాడటం తన విద్య, రెండూ ఒకే పెట్టెలో ఒక్క పూట ఉన్నాయి, అమ్మ విద్య గెలిచింది.

"ఏమే, పలకవు. తప్పు జేసినానా ఏంది?"

"లేదమ్మా. మంచి పనే చేసినావు" అంది స్టెల్లా. ఫోను పెట్టేసింది.

మంచి పనే. ఇప్పుడేం చేయాలి. హైదరాబాదు పోయి, సాంపిలు దారిలో పాడైంది అంటే సరిపోతుంది, దారిలో పాడవడం మామూలే, మురళీధర్ సారు అయ్యో అంటాడు, తాళం వేస్తాడు, అమ్మకి ఏమీ తెలియదు, ఇంకో ఆదివారం లేచి ఇంకో సాక్ష్యం చెప్తుంది. వెనక్కి పోతే తెలుస్తుంది. ఎందుకొచ్చినావే అని అడుగుతుంది, ఏం చెప్పినా పట్టుకుంటుంది, బిడ్డ ఎనిమిదేళ్ళ పనిని తన చేత్తోనే పాడుచేశానని ఆ ముఖం మీద ఉన్న వెలుగు ఆరిపోతుంది. పైగా యల్లయ్య మామ. ఒక్కసారే అన్నాడు, ఆయన మాట అంటే మాటే. నిన్న రాత్రి అమ్మతో తను ఏమంది. గుర్తు తెచ్చుకుంది, ఒక్కో మాటా. "పెట్టె ముట్టుకోవాకమ్మా, చెడిపోగూడదు అది." అంతే అంది. అంతకుమించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. చెప్పినా అర్థం కాదనుకుంది. పెట్టె గోడవారకి జరిపి, తిని పడుకుంది. ఆ ఇంట్లో మాంసం గురించి చెడిపోగూడదు అని ఎవరైనా అంటే ఉప్పుచట్టి దించడం తప్ప పిచ్చమ్మకి ఇంకేం తోస్తుంది. పార పట్టుకుని చివరి మడిలో నిలబడ్డ నాయనకి అబద్ధం చెప్పింది, సంఘంలో తల వంచుకుంది, ల్యాబులో బాగుందంది, ఇప్పుడు మంచి పనే చేసినావు అంది. అందరినీ కాపాడుతున్నాననుకుంటూ అందరికీ దూరదూరంగా కూర్చుంది. ఒంటి గొర్రె మేయదు పాపా.

హైదరాబాదు బస్సు వచ్చి నిలబడింది. జనం లేచారు. పెద్దాయన సంచి భుజాన వేసుకుని, "రా అమ్మా, సీటు పడతా" అన్నాడు. స్టెల్లా లేచింది, పెట్టెని రెండు చేతుల్తో ఎత్తుకుని బస్సు మెట్టు దాకా నడిచింది. మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. వెనక ఎవరో గిద్దలూరు, గిద్దలూరు, కంభం, గిద్దలూరు అని అరుస్తున్నారు, రేకుడబ్బాతో అమ్మ దిగే బస్సు అదే, అమ్మ తిరిగి ఎక్కుతుంటే తను ఏడవకుండా చెయ్యి ఊపింది కూడా అక్కడే. కాలు దించింది. పెద్దాయనకి ఏం చెప్పాలో ఈసారి వెతుక్కోలేదు. "ఇది గొర్రె కండ తాతా. బతికున్నదాన్ని తీసుకుపోవాలనుకున్నా, ఉప్పు తగిలి చచ్చిపోయింది, మళ్ళీ తెచ్చుకోవడానికి పోతున్నా" అంది. ఆయన అర్థమైనట్టే తల ఊపాడు.

గిద్దలూరు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. బస్సు కదిలింది. ఊరు దాటి, పలకరాయి ముక్కల దిబ్బలు తళతళమంటుంటే, అమ్మకి ఫోను కలిపింది.

"బస్సు తప్పిందా?" అంది పిచ్చమ్మ.

"తప్పలేదు. నేనే ఎక్కలేదు. ఒక మాట చెప్తా ఇనమ్మా. ఆ ముక్కలు వండుకునే మాంసం గాదు. అవి బతికుండాయి. గొర్రెలో ఎట్ల బతికుండాయో ఆ గొట్టాల్లో గూడా అట్లనే. ఆ ఎర్రనీళ్ళు వాటికి తిండి. ఉప్పు తగిలి చచ్చిపోయినాయి. తప్పు నీది గాదు, నీకు చెప్పకపోవడం నాది. మళ్ళీ తీయాల, మామ ఒప్పుకుంటాడో లేదో."

 అటువైపు కోడి ఒకటి కొక్కొరొక్కో అనబోయి మానుకుంది. స్టెల్లా ఎదురుచూసింది, ఏడుపు వస్తుందని, దేవుడా అంటుందని, ఇన్నేళ్ళుగా దేని నుంచి తప్పించుకు తిరుగుతోందో అది వస్తుందని.

"బతికుండిందా అది?" అంది పిచ్చమ్మ.

"ఊ."

"బతికుండేదానికి ఉప్పు పూసినానా నేను."

 బస్సు గతుకులో పడి లేచింది, పెట్టె ఒళ్ళోంచి జారబోతే స్టెల్లా పట్టుకుంది, చచ్చిపోయాయని తెలిసీ పట్టుకుంది.

"నువ్వు రా. యల్లయ్యన్నను నేనడుగుతా. ఒక్కసారే అని నీకన్నాడు గానీ, నాకన్లేదు గదా" అంది అమ్మ. గొంతు తగ్గించి, తనలో తను అనుకుంటున్నట్టు మళ్ళీ అంది. "బతికుండాదని ఒక్క మాట జెప్తే, తెల్లారేదాకా ఒళ్ళో పెట్టుకోని కూసునుండేదాన్ని గదే."